నొప్పి లేని నడుము

ఫిబ్రవరి 4

ఒరేయ్ పొడుగోడా,

బతికే ఉన్నావా? ఉంటే నాలుగు ముక్కలు రాయడానికి ఏం బద్ధకం? నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలు దాటింది. పోస్టుమాన్ మా గుమ్మం దాటి పోతుంటే నేనే తల పక్కకి తిప్పుకుంటున్నాను. ఈవిడకి ఉత్తరం రాసే దిక్కు లేదనుకుంటాడేమోనని నామోషీ.

ఫోన్ చెయ్యమని చెప్పలేను కదా. స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి వస్తుంటే మిల్లు నా చెవులు తన దగ్గరే ఉంచేసుకుంది. మీ బావ పక్కన నిలబడి అరిస్తే సగం వినపడుతుంది, అదీ నాకు అక్కర్లేని సగం. మెసేజ్‌లు పెట్టడం నేర్పుతానని నా కూతురు పట్టుబట్టింది. ఆ చిన్న అద్దం మీద ఒక అక్షరం నొక్కితే మూడు పడుతున్నాయి. నీకు "తిన్నావా" అని రాయబోతే అది చూపించిన మాట నీకు చెప్పడం కూడా పాపం.

మొన్న టీవీలో భవనాలు కట్టే క్రేన్ ఒకటి చూపించారు. పైన గాజు గదిలో కూర్చున్నవాడు చీమంత ఉన్నాడు. "అదిగో నీ తమ్ముడు" అన్నారు మీ బావ. నువ్వు కాదని తెలిసినా పక్కింటావిడని పిలిచి చూపించాను. మన అమ్మకి స్టూలు ఎక్కితే కళ్ళు తిరిగేవి. నాకు డాబా అంచుకి వెళ్తే కాళ్ళు వణుకుతాయి. నువ్వేమో రెండువందల అడుగుల పైన కూర్చుని ఇనుము మోయిస్తావు. నీకు ఆ గుండె ఎవరి పోలికో తెలియదు. వెంటనే రాయి.

నీ అక్క

ఫిబ్రవరి 13

అక్కా,

రాయకపోవడం నా తప్పే. నడుం పట్టేసింది. జనవరి ఎనిమిదిన క్రేన్ కేబిన్‌లో ఉండగానే పట్టేసింది. అప్పటినుంచీ సెలవులో ఉన్నాను. కేబిన్‌లో సీటు ఒక పక్కకి వాలి ఉంటుంది. అదే కారణమని మా సైట్ మేనేజరుకి చెప్పాను. కంగారు పడాల్సిందేమీ లేదు. నీ మరదలు రోజూ సాయంత్రం పనినుంచి వచ్చి నూనె రాస్తోంది.

ఎక్కువసేపు కూర్చోలేను. నిలబడి రాస్తున్నాను, అందుకే ఇంతే. బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

ఫిబ్రవరి 19

తమ్ముడూ,

ఉత్తరం అందిన రోజే మిషను ముందు కూర్చున్నాను. పాత కాన్వాసు సంచి విప్పి నీకు నడుం బెల్టు కుట్టాను. లోపల నాలుగు రేకు పట్టీలు పెట్టాను, అంచులు గుచ్చుకోకుండా పైన మెత్తటి గుడ్డ వేశాను. పోయినసారి వచ్చినప్పుడు నువ్విక్కడ మరిచిపోయిన ప్యాంటు పట్టుకుని కొలత తీశాను. పార్సిలు విడిగా పంపుతున్నాను. బనీను మీద కట్టుకో, ఒంటికి ఆనించి కట్టుకుంటే ఒరుసుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఆ సీటు సరిచేయాల్సినవాడు ఒకడుంటాడుగా? నాకు తెలుసు, ప్రతి చోటా ఒకడుంటాడు. మిల్లులో మా చెవులకి పెట్టుకోవడానికి దూది కూడా ఇవ్వలేదు. మేమూ అడగలేదు. అడిగితే పని పోతుందని ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఊరుకున్నాం. ఇప్పుడు మీ బావ నవ్వితే పెదాలు చూసి నవ్వుకుంటున్నాను. నీ నడుముకి ఆ గతి పట్టనివ్వను.

అందుకే మీ మేనేజరుకి రాశాను. నీ పాత ఉత్తరం ఒకటి కంపెనీ కవరులో వచ్చింది, దానిమీద అడ్రసుంది. మర్యాదగానే రాశాను. "అయ్యా, మా తమ్ముడు నోరు లేనివాడు. సీటు చూసుకోవలసినవాడు చూసుకోకపోవడం వల్ల వాడి నడుం పోయింది. బాధ్యుడెవరో తేల్చండి, లేకపోతే నేనే వచ్చి మీ గేటు ముందు కూర్చుంటాను" అని. చివరి ముక్క మీ బావ తీసేయమన్నారు. తీయలేదు.

మరదలికి నా ముద్దులు. ఆ పిల్ల చేతులు నొప్పెట్టకుండా చూడు.

నీ అక్క

ఫిబ్రవరి 26

అక్కా,

ఎందుకు రాశావు? నన్నొక్క మాట అడగాల్సింది. దండం పెడతాను, ఇంకెవరికీ ఏమీ రాయకు. సీటు బిగించే ఫిట్టర్ మంచివాడు. ఎనిమిదేళ్ళుగా ఒకే చోట పనిచేస్తున్నాం. సీటు అంత పెద్ద విషయం కాదు. నేనేదో మాటవరసకి అన్నాను.

బెల్టు అందింది. సరిగ్గా సరిపోయింది. నీ మరదలు రోజూ పొద్దున్నే కట్టి, వేళ్ళు దూర్చి చూసి, "బిగువుగా ఉందా?" అని అడుగుతోంది. ఉందంటున్నాను.

తమ్ముడు

మార్చి 4

ఏరా,

నీకు మేలు చేద్దామనుకుంటే నన్నే కసురుతున్నావు. పోనీలే, నొప్పిలో ఉన్నవాడి మాటలకి విలువ కట్టకూడదని సర్దుకున్నాను. కానీ చూశావా, మీ మేనేజరు జవాబు రాశాడు! టైపు చేసిన కాగితం, కింద సంతకం. నా ఉత్తరం "తీవ్రంగా పరిగణించారట". ఫిట్టర్‌ని పనిలోకి రావద్దన్నారట. ఈ నెల ఇరవైన విచారణ ఉందట. తప్పు రుజువైతే ఉద్యోగంలోంచి తీసేస్తారట. ముప్పై ఏళ్ళు మిల్లులో నోరెత్తనిదాన్ని, ఒక్క ఉత్తరంతో ఒక కంపెనీని కదిలించాను. మీ బావ ఆ కాగితాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నారు.

నాకొకటే అనుమానం. నువ్వెందుకు అతన్ని అంతగా వెనకేసుకొస్తున్నావు? బెదిరించాడా? నీ మెతకతనం చూసి భయపెట్టి ఉంటాడు. ఇరవైన వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. బెల్టు కట్టుకునే వెళ్ళు, చూసేవాళ్ళకి తెలుస్తుంది.

నీ అక్క

మార్చి 9

అక్కా,

ఇది నాలుగోసారి రాయడం. మూడు చించేశాను. ఇది చదివేటప్పుడు బావని పక్కన ఉంచుకోకు.

నా నడుముకి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

పోయిన ఆగస్టు నుంచి నాకేదో అవుతోంది. పొద్దున్న కళ్ళు తెరవగానే ఏదో చెడ్డ కబురు రాబోతున్నట్టు ఉంటుంది. ఏ కబురూ రాదు, ఆ భయం మాత్రం పోదు. స్నానానికి నీళ్ళు పెట్టుకుని, చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆదివారాలు పక్కమీదే గడిచిపోతాయి. నీ మరదలు ఏదైనా నవ్వే మాట చెబితే, నవ్వాలని గుర్తొచ్చి నవ్వుతాను. నీ ఉత్తరాలు రెండు రోజులు విప్పకుండా పెట్టుకున్న రోజులున్నాయి. నన్ను పొగుడుతావని భయం.

క్రేన్ నిచ్చెనకి రెండువందల ఇరవై మెట్లు. పదమూడేళ్ళు ఎక్కాను, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నవంబరు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వంద దాటితే చేతులు చెమటతో జారేవి. జనవరి ఎనిమిదిన ఇనుప ఊచల కట్ట ఎత్తాను. తొమ్మిదో అంతస్తు మీద పదిమంది పనిచేస్తున్నారు, కట్ట వాళ్ళ నెత్తి మీదుగా పోవాలి. సరిగ్గా అక్కడికి వచ్చాక గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చెయ్యి లీవరు మీదే ఉంది. నా చెయ్యే, కానీ కదల్లేదు. కింద సైగలు చేసేవాడు వాకీటాకీలో అరుస్తున్నాడు, "దించు, దించు, ఏమైంది?" అని. నాకన్నీ వినపడుతున్నాయి అక్కా. ఇరవై నిమిషాలు ఆ కట్ట పదిమంది నెత్తిన వేలాడింది. వాళ్ళు పరుగెత్తి తప్పుకున్నారు. తర్వాత ఎలా దించానో తెలియదు. నేను కిందికి దిగడానికి గంట పట్టింది.

కింద అందరూ గుమిగూడి ఉన్నారు. "ఏమైంది?" అన్నాడు మేనేజరు. భయమేసింది అని చెప్పడానికి నోరు పెగల్లేదు. పదమూడేళ్ళ ఆపరేటర్‌ని, ఏమని చెప్పను? "నడుం పట్టేసింది" అన్నాను. "ఎందుకు పట్టింది?" అన్నాడు. నోటికి ఏదొస్తే అదే, "సీటు" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటకి ఫిట్టర్ ఇవాళ ఇంట్లో కూర్చున్నాడు.

నీతో అబద్ధం ఇంకా సులువైపోయింది. నా గొంతు నీకు వినపడదుగా. వినపడితే మొదటి మాటకే పట్టేసేదానివి. నీ చెవుడు నాకు అంత బాగా కలిసొచ్చింది. అది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీ మరదలు రోజంతా బట్టల షాపులో నిలబడి వచ్చి, నొప్పి లేని నడుముకి అరగంట నూనె రాస్తుంది. "తగ్గిందా?" అంటే "కొంచెం" అంటాను. ఆవిడకి ముఖం చూపించడానికి సిగ్గేసి బోర్లా పడుకునే సమాధానం చెబుతాను.

రెండు వారాల కింద, ఎవరికీ చెప్పకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఇది భయం జబ్బట, దాంతోపాటు దిగులు జబ్బు కూడానట. "ఇంట్లో నిప్పు లేకపోయినా మీ ఒంట్లో అలారం మోగుతోంది. నిప్పు లేదు కానీ మోత అబద్ధం కాదు" అన్నాడు. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట, వారం వారం వచ్చి మాట్లాడాలట. మందులు షేవింగ్ పెట్టెలో దాచాను.

విచారణ ఇరవైన. నిజం చెబితే నా ఫైలులో మనసు జబ్బు అని పడుతుంది. మళ్ళీ కేబిన్ ఎక్కనిస్తారో లేదో తెలియదు. అందరూ పిచ్చోడంటారు. చెప్పకపోతే ఫిట్టర్ బతుకు పోతుంది. రెండూ తెలిసి కూడా ఇవాళ్టికి ఏమీ తేల్చుకోలేకపోయాను. ఇంత పిరికివాణ్ణి చూసుకుని నువ్వు పక్కింటావిడని పిలిచావు.

తమ్ముడు

మార్చి 13

తమ్ముడూ,

ముందు తిట్టనీ. ఒక మనిషి పొట్ట కొట్టడానికి నా చేత సంతకం పెట్టించావు. ఆ టైపు కాగితం మొన్నటిదాకా గోడకి ఉంది. నిన్న దాన్ని తీసేశాను. ఎందుకు తీశావని మీ బావ అడిగితే వినపడనట్టు ఊరుకున్నాను. ఫిట్టర్‌కి భార్యాపిల్లలు ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. తెలియకుండానే "బాధ్యుడెవరో తేల్చండి" అని రాశాను. నాకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. తిట్టడం అయిపోయింది.

ఇప్పుడు చెప్పేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా కూతురు పుట్టినప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నావు. పధ్నాలుగేళ్ళు నీకు. నాకు నాలుగు నెలలు కామెర్లు వచ్చాయి, గుర్తుందా?

రాలేదురా.

పిల్ల ఏడుస్తుంటే లేచి ఎత్తుకోవాలని తెలుసు, లేవలేకపోయేదాన్ని. గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. పాలిస్తున్నప్పుడు, ఈ పిల్ల నాకెందుకు అనుకున్న రోజులున్నాయి. ఇది రాస్తుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది. కన్నతల్లికి అలా అనిపిస్తుందని ఎవరితో అనను? మీ బావ కంగారుపడి "ఏమైంది, ఏమైంది?" అంటే కామెర్లేమో అన్నాను. ఏదో మందు తెచ్చారు, పథ్యం పెట్టించారు. ఉప్పూ నూనే లేని తిండి. నేనొక్కదాన్నే తింటే బాధపడతానని నువ్వు కూడా ఆ చప్పిడి తిండే నాలుగు నెలలు తిన్నావు. రోజూ పొద్దున్న నా కళ్ళలోకి వంగి చూసి "ఇవాళ పచ్చదనం తగ్గిందక్కా" అనేవాడివి. నా కళ్ళెప్పుడూ పచ్చగా లేవు. అయినా నన్ను ఊరడించడానికి నువ్వు చూశావు. నిజం చెప్పి నీకింత ఉప్పేసి పెట్టలేకపోయాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆ సంగతి నన్ను తింటూనే ఉంది.

మన ఇంట్లో మనసుకి జబ్బు చెయ్యదు, నడుముకీ కాలేయానికీ చేస్తుంది. నువ్వు అబద్ధమాడటం ఎవరి దగ్గర నేర్చుకున్నావో నాకు తెలుసు.

నాది ఎలాగో దానంతటదే సర్దుకుంది. పూర్తిగా కాదు. నాలుగైదేళ్ళకోసారి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నాకు చెవుడు మంచి చాటు. పలకకపోతే వినపడలేదనుకుంటారు. నా చెవుడు నీకొక్కడికే పనికొచ్చిందనుకోకు. నాకెవరూ డాక్టరున్నాడని చెప్పలేదు, చెప్పినా వెళ్ళేదాన్ని కాదు. నువ్వు వెళ్ళావు. పిరికివాణ్ణంటూ మూడు పేజీలు రాశావు, ఆ ఒక్క పనికి నాకు లేని ధైర్యం నీకుంది.

మీ మేనేజరుకి నేను మళ్ళీ రాయగలను. రాయను. ఆ మాట నీ నోటితోనే రావాలి, ఫిట్టర్ వింటుండగా రావాలి. కేబిన్ పోతే పోనీ. పోతే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. కానీ అతని ఉద్యోగం పోతే నేను నిన్ను క్షమించినా నువ్వు లేవలేవు, ఆ జబ్బు నాకు తెలుసు.

ఈ కవరులో ఇంకో చిన్న కవరుంది. అది ఫిట్టర్‌కి. నా తప్పు నేను ఒప్పుకుంటూ రాశాను. చదవకుండా ఇవ్వు. మందులు షేవింగ్ పెట్టెలోంచి తీసి మరదలి ముందు పెట్టు. ఆ పిల్లని నూనె రాయడం మాన్పించు.

నీ అక్క

మార్చి 24

అక్కా,

చెప్పేశాను. ఎలా జరిగిందో వరసగా రాస్తాను, లేకపోతే నాకు అనుకూలంగా మార్చి రాస్తానేమోనని అనుమానం.

నీ ఉత్తరం పదిహేడున అందింది. నీ కామెర్ల సంగతి రెండుసార్లు చదివాను. పచ్చదనం నాకు నిజంగానే కనపడేది అక్కా. దాని గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు నా వల్ల కాదు. ఆ సాయంత్రం నీ మరదలు నూనె సీసా తీసుకుంటే, మందులు తెచ్చి ముందు పెట్టాను. అంతా విన్నది. సీసాకి మూత పెట్టింది. "రెండు నెలలు ఊరికే నా చేత రాయించుకున్నారా?" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వేసుకోవలసిన మాత్ర ప్లేటు పక్కన పెట్టింది.

ఇరవైన రేకుల షెడ్డు ఆఫీసులో విచారణ. మేనేజరు, సేఫ్టీ ఆఫీసరు, ఫిట్టర్, నేను. ఫిట్టర్ బాగా చిక్కిపోయాడు. ముందు అతన్ని అడిగారు. "సీటుకి ఆరు బోల్టులు. ఆరూ బిగించాననే గుర్తు" అన్నాడు. మళ్ళీ తనే, "ఏమో సార్, ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఇంట్లో గ్యాస్ కట్టేశానో లేదో కూడా మూడుసార్లు లేచి చూసుకుంటున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది" అన్నాడు.

ఎనిమిదేళ్ళలో అతను బిగించిన బోల్టు ఒక్కటి వదులైంది లేదు. ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాను. సీటు బాగుంది, నడుం బాగుంది, భయంతో చెయ్యి ఆగిపోయింది, సిగ్గేసి అబద్ధం చెప్పాను, మందులు వాడుతున్నాను అని. నీ కవరు కూడా అప్పుడే ఇచ్చాను. అతను అక్కడే విప్పి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. "సరే, ఈ మాట బయటికి వద్దు. ఇతను రేపట్నుంచి పనిలోకొస్తాడు, నీకు కింద వేరే పని చూస్తాం, లోపల్లోపల సర్దేద్దాం" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అక్కా, అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నేను సంతోషించాను.

ఫిట్టర్ ఒప్పుకోలేదు. "నన్ను అందరూ చూస్తుండగా గేటు బయటికి పంపారు. వాళ్ళందరూ వింటుండగానే ఇతను చెప్పాలి" అన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

మా సైట్‌లో రోజూ పని మొదలయ్యే ముందు అందరినీ వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెబుతారు. మర్నాడు ఆ వరస ముందు నన్ను నిలబెట్టారు. డెబ్భైమంది ఉంటారు. జనవరిలో ఆ కట్ట కిందనుంచి పరుగెత్తినవాళ్ళు కూడా ఉన్నారు. నేను వాళ్ళ బూట్లు చూస్తూ చెప్పాను. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ముందు నిలబడ్డ వెల్డరు ఒకతను వెనక్కి తిరిగి చూస్తే నవ్వినవాడు ఆగిపోయాడు. మిగతావాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. చెప్పడం అయ్యాక ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ షెడ్డుకి నడిచాను.

నన్ను మూడు నెలలు క్రేన్ ఎక్కవద్దన్నారు. తర్వాత డాక్టరు కాగితం చూసి ఆలోచిస్తారట. ఇప్పుడు స్టోరులో సామాన్లు రాసుకుంటున్నాను. పైకి చూస్తే కేబిన్‌లో ఇంకొకడు కనపడతాడు. చూడటం లేదు.

అందరి ముందూ చెప్పిన రోజు మధ్యాహ్నమే స్టోరుకి ఆ వెల్డరు వచ్చాడు. చేతి తొడుగులు కావాలన్నాడు. ఇచ్చాక కూడా కదల్లేదు. "ఆ డాక్టరు ఎక్కడుంటాడు? మా బావమరిదికి కావాలి" అన్నాడు. రాసిచ్చాను. అరగంటకి తాపీ మేస్త్రీ వచ్చాడు. "మా తమ్ముడు ఈ మధ్య దేనికీ లేవడం లేదు" అన్నాడు. అతనికి తమ్ముళ్ళు లేరని సైట్‌లో అందరికీ తెలుసు. రాసిచ్చాను. సాయంత్రం సేఫ్టీ ఆఫీసరు వచ్చి, తన స్నేహితుడి స్నేహితుడికని చాలా దూరపు చుట్టరికం చెప్పాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అడిగిన ముగ్గురి ముఖాలూ నా ముఖంలాగే ఉన్నాయి.

అందరూ వెళ్ళాక ఫిట్టర్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ అడ్రసు ఇవ్వు" అన్నాడు.

"ఎవరికి?" అన్నాను. మధ్యాహ్నంనుంచీ వచ్చినవాళ్ళందరూ ఇంకెవరికో అనడంతో ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"నాకు" అన్నాడు.

నేను ఏడు నెలలు పట్టి, ఒక మనిషిని గేటు దాటించి చెప్పిన మాటని అతను నిలబడి ఒక్క ముక్కలో చెప్పేశాడు. కాగితం మీద నంబరు రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను. అతని ముఖం చూడలేకపోయాను. "మంగళవారం నేను వెళ్తున్నాను, కలిసి వెళ్దామా?" అని అడిగాను.

"నీతో రాను" అన్నాడు. "దారి చెప్పు, నేనే పోతాను."

చెప్పాను.

నీ తమ్ముడు